వరుసలో నిలబడిన అయ్యవారు

చెన్నకేశవులు చిన్నప్పుడు చదివిన వీధిబడిలో దెబ్బలకు ఒక వరుస ఉండేది. అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో అయ్యవారు బెత్తం కొనతో శ్రీ రాసేవాడు. రెండోవాడికి చుక్క పెట్టేవాడు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. వెనకకు పోయినకొద్దీ దెబ్బలు పెరిగేవి. చివర వచ్చినవాడు చేయి చాపకముందే కళ్ళు మూసుకునేవాడు.

అయ్యవారు మాత్రం పొద్దెక్కాక వచ్చేవాడు. చీకటితోనే వచ్చిన పిల్లలు ఆయన కోసం కాచుకుని కూర్చునేవారు. ఆయన వచ్చి, వక్కాకు నమిలి, బెత్తం తీసుకుని అప్పుడు వరుసగా పిలిచేవాడు.

చెన్నకేశవులు అన్న రంగయ్య రోజూ చివరివాడే. ఎద్దులకు నీళ్ళు పెట్టి, పేడ ఎత్తి వచ్చేవాడు. అరచేతులు కాయలు కాచి బెత్తం తగిలినా తెలియనంత గట్టిపడ్డాయి. అది చూసి అయ్యవారికి కోపం వచ్చింది. ఒకరోజు కోదండం వేయించాడు. దూలం మీదుగా తాడు వేసి, రంగయ్య మణికట్లు కట్టి, పైకి లాగారు. లాగినవాళ్ళు తోటి పిల్లలే. చెన్నకేశవులూ ఆ తాడు పట్టాడు. పట్టనివాడికి పక్కనే ఇంకో తాడు ఉంది.

సాయంత్రం రంగయ్య బావిలో పడ్డ చేద తీయడానికి తాడు పట్టుకుని దిగాడు. వేళ్ళు బిగుసుకోలేదు. కింద రాతిపలకకు తల తగిలింది. పైకి తెచ్చేసరికి బావి నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

తండ్రి అయ్యవారిని ఒక్క మాట అనలేదు. "చదువు కోసం కొట్టినాడు గదా," అన్నాడు. దహనం అయిన మర్నాడు చెన్నకేశవులును బడికి తోలాడు. ఇంట్లో ఉంటే తల్లి ఏడుపు చూసి వాడూ ఏడుస్తాడని. వాడు చివర వచ్చాడు. చివరివాడికి పడవలసిన దెబ్బలన్నీ పడ్డాయి. అయ్యవారిలో కక్ష లేదు. వరుస ప్రకారమే కొట్టాడు.

ఆ రోజు కూడా అయ్యవారు తన వెనకే వచ్చాడని వాడు గమనించాడు. బడిలో ఎప్పుడూ దెబ్బ పడని చేయి అయ్యవారిది ఒక్కటే. ఆ సంగతి వాడి మనసులో నిలిచిపోయింది.

జర్మనీ యుద్ధం ముగిసిన ఏళ్ళలో చెన్నకేశవులు కర్నూలులో ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి వచ్చాడు. మార్కాపురం తాలూకాలో, త్రిపురాంతకం దారికి కొంచెం పక్కగా, ఎర్రొడ్డుపల్లె అనే ఊళ్ళో బడి పెట్టాడు. ఊరి మునసబు తిరుపాలయ్య తన పాత దూడల కొట్టం ఇచ్చాడు. మునసబు కొడుకు ఓబులేసు మొదటి విద్యార్థి.

ఆ కాలంలో దెబ్బ లేని బడిని ఎవరూ బడి అనుకోలేదు. చెన్నకేశవులూ అనుకోలేదు. తాను తాడు లాగిన రోజు నుంచి ఆయన ఆలోచించింది దెబ్బ తీసేయడం గురించి కాదు, దానికి కళ్ళెం వేయడం గురించి. ఎర్రొడ్డుపల్లె బడిలోనూ శ్రీ, చుక్క, దెబ్బలు అన్న పాత వరుసే, కానీ దెబ్బ అరచేతి మీదే పడాలి. ఎంత వెనక వచ్చినా ఆరు దాటకూడదు. బెత్తం అయ్యవారి చేతిలో ఉండదు. ఆ రోజు అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి చేతిలో ఉంటుంది. కోపంగా కొట్టినా నవ్వుతూ కొట్టినా బెత్తం తర్వాతి వాడికి పోతుంది. అయ్యవారూ వరుసలో వాడే.

మొదట ఎవరూ ఆ చివరి మాట నమ్మలేదు. ఒక వానకాలం గుండ్లకమ్మ పొంగి ఆయన అవతలి ఒడ్డున చిక్కుకున్నాడు. బడికి చేరేసరికి పిల్లలందరూ కూర్చుని ఉన్నారు. తడిసిన పంచెతోనే వెళ్ళి చివర నిలబడి చేయి చాపాడు. బెత్తం పట్టినవాడు చిన్నవాడు. ఏడుస్తూ కొట్టాడు.

"ఏడిస్తే దెబ్బ సరిగ్గా పడదు. మళ్ళీ వెయ్యి," అన్నాడు అయ్యవారు.

ఆరూ వేయించుకున్నాడు. వారం రోజులు ఊరంతా అదే మాట. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఆపి మరీ అడిగారు.

"ఏమయ్యోరా, పాఠం అప్పజెప్పలేదా ఏంది? చెయ్యి వాచిందే!"

"లేటయినాను తల్లీ."

"మా ఇంటాయన గూడా రోజూ లేటే. ఆ బెత్తం ఒకపూట అప్పియ్యి."

ఆయన నవ్వలేదు. పెద్దరికం అంటే ఆయనకు ఒకటే తెలుసు. పెట్టిన కట్టుబాటు కింద ముందు తాను నిలబడాలి. అప్పుడు దెబ్బలో అవమానం పోతుందని, అది ఒక లెక్కగా మిగులుతుందని నమ్మాడు. బలంగా నమ్మాడు.

అంకాలమ్మ వచ్చాక ఆ నమ్మకానికి పరీక్ష వచ్చింది.

అంకాలమ్మ తండ్రి చెంచయ్య గొర్రెలు కాసేవాడు. ఎరువు కోసం రైతులు తమ చేలల్లో ఆయన మంద నిలిపించుకునేవారు. ఆ ఏడు మంద బడి పక్క చేలో నిలిచింది. పదేళ్ళ అంకాలమ్మ బడి గోడ అవతల నుంచి ఎక్కాలు అరిచేది. తప్పు చెప్పిన పిల్లల్ని వెక్కిరించేది. ఒకరోజు తల్లి రోశమ్మ దాన్ని రెక్క పట్టుకుని తెచ్చి గుమ్మంలో నిలబెట్టింది.

"అయ్యోరా, దీని నోటితో వేగలేకుండా ఉండాము. నువ్వే కూచోబెట్టుకో. మాట వినకుంటే కొట్టు. కళ్ళు మాత్రం కాపాడు, గొర్రెల్ని చూసుకోవాల."

గొర్రెలు కాసేవాళ్ళు చుక్క పొడవకముందే లేస్తారు. అంకాలమ్మ రోజూ అందరికంటే ముందు వచ్చేది. రోజూ బెత్తం దాని చేతిలోనే. మునసబు కొడుకు ఓబులేసు పన్నెండేళ్ళవాడు, పెరుగన్నం తిని తీరిగ్గా వచ్చేవాడు. రోజూ ఆరు. అంకాలమ్మ కోపం లేకుండా, నవ్వు లేకుండా కొట్టేది. అయ్యవారు చెప్పినట్టే కొట్టేది.

ఓబులేసు ఇంట్లో చెప్పలేదు. అన్నం కలుపుతుంటే చేయి చూసి తల్లి అడిగింది. మర్నాడు తిరుపాలయ్య అయ్యవారిని వీధిలో ఆపాడు.

"ఏమల్లుడా, గొర్లోళ్ళ పిల్ల నా కొడుకును కొడుతుందంట?"

"వరుసకు కొడుతుంది మామా. నన్ను గూడా కొట్టినారు, ఏరు పొంగిన పొద్దు."

"నువ్వు కొట్టు. చర్మం ఊడేట్టు కొట్టు, నేను అడగను. నా కొట్టంలో కూచుని ఆ పిల్ల కొట్టేదేంది?"

"ఓబులేసును పెందలాడే లేపండి మామా. బెత్తం వాని చేతికే వస్తుంది."

తిరుపాలయ్య ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. వెక్కిరింపు ఉందేమోనని వెతికాడు. లేదు. అది ఇంకా మండించింది.

"ఆ పిల్ల చేతికి బెత్తం ఇయ్యొద్దు. ఇది ఒకసారే చెప్తా."

"దానికి ఇయ్యకుంటే ఎవరికీ ఇయ్యకూడదు మామా. నేనూ పట్టకూడదు."

"అయితే ఎవరు పట్టాలనో నేను చూపిస్తా," అని తిరుపాలయ్య పోయాడు.

మర్నాడు బడి నిండాక కూడా అంకాలమ్మ రాలేదు. బెత్తం ఒక రైతు కొడుకు చేతిలో ఉంది. దెబ్బలు అయిపోయి పాఠం మొదలైంది. అప్పుడు వచ్చింది. జడ ఊడిపోయి ఉంది. మోకాళ్ళు చీరుకుపోయి మట్టీ నెత్తురూ కలిసి అంటుకున్నాయి. ఆయాసంతో మాట రావడం లేదు.

"ఆలస్యమేంది?" అన్నాడు అయ్యవారు.

అంకాలమ్మ చేయి చాపింది. "ముందు దెబ్బలు కానీ అయ్యోరా. తర్వాత చెప్తా."

ఆయన ఆపలేదు. కట్టుబాటు అంటే కట్టుబాటే. రైతు కొడుకు ఆరు దెబ్బలూ వేశాడు. ఆ పిల్ల కదలలేదు. ఆరోది పడ్డాక చేయి దించి చెప్పింది.

"మా నాయన్ను చావడి గుంజకు కట్టేసినారు. కొడుతుండారు. గొర్రెల్ని బందెలదొడ్డిలో వేసినారు. నువ్వు రావాల అయ్యోరా."

చెన్నకేశవులు లేచాడు. లేచి అలాగే నిలబడ్డాడు. ఆ ఆరు దెబ్బలు పడేంతసేపూ అక్కడ చెంచయ్య మీద మునసబు తలారి కర్ర పడుతూనే ఉందని ఆయనకు తట్టింది.  చెప్పులు తొడుక్కోకుండానే బయటికి నడిచాడు. వెనక అంకాలమ్మ, దాని వెనక బడి అంతా.

చావడి గుంజకు చెంచయ్యను నిలువునా కట్టారు. వీపు మీద చర్మం చీలి తెరుచుకుంది. పంచె నడుము దాకా తడిసి నల్లగా ఉంది. తల ఒక పక్కకు వాలింది. తలారి కర్రకు ఆనుకుని చెమట తుడుచుకుంటున్నాడు. పక్కన దొడ్డిలో నీళ్ళు లేక గొర్రెలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. తొక్కిడికి చచ్చిన గొర్రెపిల్లలు రెండు మూడు గోడ పక్కన పడి ఉన్నాయి. రోశమ్మ మొగుడి కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఆమె పెదవి చిట్లింది.

"ఏం తప్పు చేసినాడు?" అన్నాడు అయ్యవారు.

"చేలో పడి మేసినాయంట," అన్నాడు తలారి ఎటో చూస్తూ. "నన్ను అడగొద్దులే అయ్యోరా. అయ్య వస్తాడు. ఆయన్ను అడుగు."

తిరుపాలయ్య అన్నం తిని వచ్చాడు. అప్పటికి ఊరు సగం చేరింది. చావడి అరుగు మీద కూర్చుని, చింత బరికె ఒకటి తెప్పించి, ఆకు దూసి నీళ్ళలో ముంచాడు. కొడుకును పిలిచి దాన్ని చేతికిచ్చాడు.

"నిన్ను కొట్టిన చెయ్యి ఏదిరా? అందరూ చూస్తుండగా ఆ చేతి మీద కొట్టు. నేను చాలనేదాకా. చెంచయ్యా, వింటుండావా? నీ బిడ్డ చెయ్యి చాపితే గొర్రెల్ని వదుల్తా. నిన్నూ వదుల్తా."

చెంచయ్య వింటున్నాడో లేదో తెలియలేదు. అంకాలమ్మ ముందుకు వచ్చింది. అయ్యవారు దాన్ని వెనక్కి లాగి తాను ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ దెబ్బలు నేను వేయించినవి మామా. కొట్టించేదుంటే నన్ను కొట్టించు." రెండు చేతులూ చాపాడు.

"నువ్వు చేతులు చాపడం ఊరంతా ఎరుగును. దానికి అలవాటు పడినావు," అన్నాడు తిరుపాలయ్య. ఒకరిద్దరు నవ్వారు. "సరే, ముందు నిన్ను. తర్వాత దాన్ని. కొట్టరా ఓబులేసూ."

ఓబులేసు బరికె పట్టుకుని నిలబడ్డాడు. అయ్యవారి చేతుల వైపు చూశాడు. గుంజ వైపు చూశాడు. చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. వాడికి భయం వేసింది. భయం వేసినప్పుడు పిల్లలు తమకు బాగా తెలిసినదాన్ని పట్టుకుంటారు. వాడికి బాగా తెలిసింది ఒకటే.

"చెంచయ్య మామ అందరికంటే ముందు వచ్చినాడు గదా ఇక్కడికి," అన్నాడు. "ఆయనకు శ్రీ. రోశమ్మత్తకు చుక్క. కడాన వచ్చింది నువ్వే నాయనా. చెయ్యి చాపు."

 ఎక్కడో వెనక ఒక ముసలావిడ కిసుక్కున నవ్వింది.

ఆ నవ్వుతో తిరుపాలయ్య అరుగు మీద నుంచి దూకాడు. బరికె లాక్కుని కొడుకు ముఖం మీద కొట్టాడు. వాడు చేతులు అడ్డం పెట్టుకుంటే చేతుల మీద, వంగితే మెడ మీద, పడితే ఎక్కడ పడితే అక్కడ. పచ్చి బరికె గాలిలో ఈల వేసింది. ఒక దెబ్బ కంటి మీద పడింది. వాడు అరిచిన అరుపుకు దొడ్డిలో గొర్రెలు ఒక్కసారి నిశ్శబ్దమయ్యాయి. తిరుపాలయ్య ఆపలేదు.

చెన్నకేశవులు తలారి చేతిలోని కర్ర ఎప్పుడు లాక్కున్నాడో ఎవరూ చూడలేదు. మొదటి దెబ్బకు తిరుపాలయ్య ముంజేయి విరిగి బరికె కింద పడింది. అక్కడితో ఆగవచ్చు. ఆగలేదు. రెండో దెబ్బ భుజం మీద పడింది. మూడోది దవడ మీద. పళ్ళు దుమ్ములో పడ్డాయి. తిరుపాలయ్య మోకాళ్ళ మీద కూలాడు. కూలినవాణ్ణి కొట్టాడు. వీపు మీద, పక్కటెముకల మీద, కాళ్ళ మీద కొట్టాడు. లెక్కపెట్టడం మరిచిపోయాడు. బడి పిల్లలందరూ చూస్తూ నిలబడ్డారు. ఆయన నోటి వెంట ప్రతి దెబ్బకూ ఒక మూలుగు వచ్చింది, కొట్టేవాడిది కాదు తినేవాడిది అన్నట్టు.

చివరికి రోశమ్మ వెనక నుంచి నడుము పట్టుకుని లాగింది.

"చాలు అయ్యోరా! చచ్చిపోతాడు. వాని కోసం కాదు, నీకు ఉరి వేస్తారు. ఇడువు!"

ఆయన కర్ర వదిలాడు. వెళ్ళి ఓబులేసును ఎత్తుకున్నాడు. వాడి ఎడమ కంటి నుంచి నీళ్ళూ నెత్తురూ కలిసి కారుతున్నాయి. వాడు అయ్యవారి చేతుల్లో నుంచి జారిపోవాలని పెనుగులాడాడు. తండ్రి వైపు చేతులు చాపి ఏడ్చాడు.

మార్కాపురంలో కేసు నడిచింది. తిరుపాలయ్య బతికాడు కానీ కుడిచేయి సరిగా అతకలేదు. చెన్నకేశవులుకు అన్నదమ్ముల వరసైన ఒకాయన వకీలును కుదిర్చాడు. వకీలు దారి చెప్పాడు: పిల్లవాణ్ణి కాపాడటానికి అడ్డం పోయినాను, పెనుగులాటలో దెబ్బలు తగిలినాయి అనాలి. ఊరి సాక్ష్యం కూడా దానికి అనుకూలంగానే ఉంది. చెంచయ్యను కట్టేసినందుకు తిరుపాలయ్య మునసబు పని పోయేలా ఉంది.

మేజిస్ట్రేటు అడిగినప్పుడు చెన్నకేశవులు వకీలు చెప్పింది చెప్పలేదు.

"అడ్డుకోవడానికి ఒక దెబ్బ చాలు. అది పిల్లవాని కోసం వేసింది. తక్కినవి నా కోసం వేసినాను."

వకీలు కాగితాలు మూసేశాడు. బయట చెట్టు కింద చెంచయ్య, రోశమ్మ కూర్చుని ఉన్నారు. శిక్ష విని రోశమ్మ తల కొట్టుకుంది. "ఈయన నోరు గూడా మా పిల్ల నోరు మాదిరే ఉండాదే!"

ఆరు నెలలు కఠిన శిక్ష. కర్నూలు జైలులో రాళ్ళు కొట్టాడు. అక్కడ ఒక వార్డరు కొత్తవాళ్ళను నిష్కారణంగా కొట్టేవాడు. ఒకసారి చెన్నకేశవులు వీపు మీద లాఠీ విరిగింది. ఆ వార్డరు ముఖం ఆయన చాలాసేపు చూశాడట. అందులో తనకు తెలియనిదేమీ కనిపించలేదని తర్వాతెప్పుడో చెంచయ్యతో అన్నాడు.

ఆయన జైలులో ఉండగానే ఉపాధ్యాయ పత్రం రద్దయింది. బడికి వచ్చే గ్రాంటు ఆగిపోయింది. ఆయన తిరిగి వచ్చేసరికి కొట్టంలో మళ్ళీ దూడలు ఉన్నాయి. ఓబులేసు ఎడమ కన్ను పోయింది. వాణ్ణి పామూరులో మేనమామ ఇంటికి పంపేశారు. చెన్నకేశవులు అక్కడిదాకా నడిచి పోయాడు. వాడు తలుపు చాటు నుంచి రాలేదు. మేనమామ గడపలో నిలబడి, "పోండి అయ్యోరా, మిమ్మల్ని చూస్తే వానికి రాత్రిళ్ళు జొరం వస్తుంది," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

అక్కడి నుంచి ఎటు పోవాలో ఆయనకు తెలియలేదు. సొంత ఊరికి పోవచ్చు. పొలం ఉంది. పోయే ముందు చెంచయ్యకు ఒక మాట చెప్పి పోదామని ఎర్రొడ్డుపల్లె వైపు తిరిగాడు. చెంచయ్య ఊరు వదిలి నల్లమల అంచుకు మంద తోలుకుపోయాడని తెలిసింది. అక్కడికి పోయాడు.

ముళ్ళకంప చుట్టిన కంపకోటలో గొర్రెలు పడుకుని ఉన్నాయి. చెంచయ్య నడుము ఇంకా వంకరగానే ఉంది. కూర్చున్నచోటి నుంచే చేయి ఎత్తాడు. రోశమ్మ గంటె పట్టుకుని లేచింది.

"వస్తివా అన్నా. సంకటి ఉంది, కూచో."

అయ్యోరా అనలేదు. ఆయన అది గమనించాడు. గమనించి, సరేననుకున్నాడు.

తిన్నాక చెప్పాడు. "సెలవు తీసుకుని పోదామని వచ్చినా. ఇంక చదువు చెప్పను."

"ఏం?"

"పత్రం పోయింది."

"పత్రం చూసి పంపినామా మేము?"

ఆయన నేల వైపు చూశాడు. "అది గాదు రోశమ్మా. కర్ర చేతికి రాగానే నేనేందో తెలిసింది. కొట్టేవాణ్ణి. అంతే. కొట్టేదానికి కట్టుబాట్లు పెట్టి బాగు చేసినా అనుకున్నా. ఓబులేసు కన్ను పోయింది దానివల్లే. ఆ పొద్దు అంకాలమ్మ నెత్తురుతో వస్తే, ముందు దెబ్బలు కానిచ్చినా. అంతసేపూ అక్కడ ఈయన్ను కొడుతుండారు."

చెంచయ్య వీపు గోక్కున్నాడు. ఆ మాట ఆయన ఇంతకుముందే ఎన్నోసార్లు అనుకున్నట్టుంది.

రోశమ్మ గిన్నె బోర్లించింది. "నిజమే. మాకు కోపమే ఉండింది నీ మీద. ఇప్పుడు గూడా ఉండాది. ఈయన రాత్రి పక్క తిరిగినప్పుడల్లా వస్తాది." పొయ్యిలో పుల్ల వెనక్కి లాగింది. "అయితే ఏమి చేసేది? ఈ పిల్లకు భాగారం సగంలో ఇడిసి పోయినావు. అది పుల్లలు పెట్టుకుని రోజంతా గొణుగుతుంది. గొర్రెలు ఎటు పోయేదీ చూడదు. మొన్న నక్క ఒకదాన్ని ఎత్తుకపోయింది. అది చెప్పేసి పో. తర్వాత నీ ఇష్టం."

"బెత్తం లేకుండా నాకు చెప్పేది రాదు."

"నేర్చుకో," అంది రోశమ్మ, గిన్నెలు తీసుకుని వాగు వైపు పోయింది.

అంకాలమ్మ పలక తెచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన నూటనలభై నాలుగును తొమ్మిదితో భాగించమని ఇచ్చాడు. తప్పు వేసింది. వేసి ఆయన చేతుల వైపు చూసింది.

ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"తుడిచి మళ్ళీ వెయ్యి."

మళ్ళీ తప్పే. ఆయనకు కోపం వచ్చింది. మెడ దాకా వచ్చింది. చేతుల మీద బరువంతా వేసి కూర్చున్నాడు. గులకరాళ్ళు అరచేతుల్లోకి దిగాయి. ఎక్కడ తప్పిందో అప్పుడు అడిగాడు. ఎప్పుడూ అడగలేదు అంతకుముందు. ఆ పిల్ల చాలాసేపు పలక చూసి, పద్నాలుగులో తొమ్మిది తీసేశాక మిగిలిన ఐదును పక్క అంకెతో కలపడం మరిచిపోతున్నానని తనే కనిపెట్టింది. కలిపి వేసింది. పదహారు వచ్చింది.

ఆయన ఇంకొక లెక్క చెప్పాడు.